ఏడు బారల కింద

పొద్దుగాల ఐదింటికి
సిరిసిల్ల ఇంకా సాంచాల చప్పుడులనే ఉంది.
యాకూబ్ పాషా జేబులకెళ్లి నట్లు తీసిండు.
పాత సాంచావి, తుప్పు పట్టినవి, అరచెయ్యి నిండ.
"సీసం గుండ్లు కొంటే పైసలు,
ఇవి ఊకెనే మునుగుతయి" అన్నడు.
ఆయన జాపర్. ఇనుము సంగతి ఆయనకు ఒదిలేసినం.

మొగిలి సద్ది తెచ్చిండు, పచ్చిపులుసు సీసాల పోసుకొని.
నేను మీసేవల కూసునేటోన్ని, గొడుగు తెచ్చిన.
అందరు నవ్విండ్రు.
ఓదెలు మాత్రం ఏం తేలే.
బహ్రెయిన్ల మూడేండ్లు లాంచి మీద బతికినోడు
వట్టి చేతులతోని వచ్చి
పడవ అంచును
ఎద్దు మూపురం నిమిరినట్టు నిమిరిండు.

సొసైటీ పడవ. పేరు సగం చెరిగిపోయింది.
"గంగ" అని మిగిలింది,
ముందర ఏమున్నదో ఎవరికి తెల్వది.
మానేరు నడుమకు పోయేటాల్లకు
వేములాడ దిక్కు గుట్టలు
మంచు దులుపుకొని ఒక్కొక్కటే లేచి కూసున్నయి.

"పైపైన ఏసుడు పిల్లగాండ్ల ఆట" అన్నడు ఓదెలు.
"అడుగు చేపతోని అడుగుల్నే మాట్లాడాలె.
ముందుగాల భూమి దొరకాలె."
నీళ్ల మీద కూసొని భూమి అన్నడు.

తాడు ఇడిసిండు.
రెండు చేతులు చాపి కొలుసుకుంట, ఇడుసుకుంట,
వాహిద్, ఇత్నేన్, తలాత...
మొగిలి నా దిక్కు చూసిండు.
వచ్చి ఆరేండ్లాయె,
ఈ అంకెలు ఏ సంచిల దాసుకున్నడో.
సబా కాడ తాడు సోలింది.
ఏడు.
"ఆడ ముప్పై బారలు పోయేది.
ఇరవై దాటినంక లెక్క తప్పేటోన్ని.
నఖుదా తిట్టేటోడు, మళ్ల మొదటికెళ్లి."

నా చూపుడువేలికి తాడు సుట్టిండు.
"గుంజకు. ఇను.
రాయైతే పట్టుకుంటది.
చేపైతే అడుగుతది."
ఏం అడుగుతదని నేను అడగలే.

గంట. గంటన్నర.
డబ్బాల ఎర్రలు అడుగంటినయి.
యాకూబ్ మొఖం మీద రుమాలేసుకొని గురక.
గొడుగు నీడల మూడు తలకాయలు,
నవ్వినోళ్లవే. నాది ఎండల.

మొగిలి తాడు బిగుసుకుంది.
గుంజితే పడవ ఒరిగింది, అది కదలలే.
ఇంకోపారి గుంజితే మెల్లగ పైకొచ్చింది.
మూరెడు నల్ల పైపు ముక్క,
నాచు పట్టి, జారుకుంట.
మొగిలి దాన్ని బొటనవేలుతోని తుడిసిండు.
"జానెడుకో బొక్క. డ్రిప్పుది.
పసుపు చేన్లకు ఏసింది" అన్నడు.
ఎవరి చేను, ఏ ఊరి చేను, అనలే.
మేం అడగలే.
ఇసిరేస్తడనుకున్న.
నీళ్లకు ఆనిచ్చి చెయ్యి తీసిండు.

అప్పుడే నా వేలిని ఏదో అడిగింది.
ఒక్కపారి. ఆగి, రెండు పార్లు.
అంగడిల చిన్న పోరడు
అంగి కొస పట్టి గుంజినట్టు.
"ఓదెలూ" అన్న. గొంతు రాలే.
వాడు నా మణికట్టు పట్టి
"ఇంకోపారి అడగనియ్యి" అన్నడు.

వాలుగ. రెండున్నర కిలోలుంటది.
తెల్లటి కడుపు, పొడుగు మీసాలు,
కోపానికొచ్చిన పెద్దమనిషి లెక్క నోరు తెరిసింది.
యాకూబ్ లేచి "ఏడికొచ్చినం" అన్నడు.

ఒడ్డున మూడు రాళ్లు పెట్టినం.
చింతపులుసు, యాకూబ్ ఇంటికెళ్లి తెచ్చిన మసాల.
మోదుగాకులల్ల అన్నం.
మొదటి ముక్క ఓదెలుకే ఏసినం.
"ఆడ పట్టిందంత ఐసుకే పోయేది" అన్నడు,
ముల్లు తీసుకుంట.
"ఎంతెంత హామూరు! మూడేండ్లల్ల ఒక్క ముక్క నోట్లేసుకోలే.
మాకు డబ్బాల పప్పు."
నమిలిండు. చానసేపు నమిలిండు.
మేం బువ్వ కలుపుడు ఆపి చూస్తున్నం.
"ఉప్పు తక్కువైంది" అన్నడు.

పొయ్యేటప్పుడు యాకూబ్ నట్లు లెక్కపెట్టిండు.
తొమ్మిదింటికి ఆరే ఉన్నయి.
"రేపు సాంచ ఆగితే
మీ దగ్గరికే వస్త" అన్నడు
నీళ్ల దిక్కు చూసుకుంట.